ఏడాదికొక్క పావుగంట కోసం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

ఎముకలు గుల్లబారిన రోగులకు ఎముకలు విరగకుండా నరం ద్వారా ఎక్కించే జోలెడ్రానిక్ యాసిడ్ అనే మందు ప్రభుత్వ ఆసుపత్రిలో అందడం లేదని మీ కార్యాలయానికి మూడు వినతిపత్రాలు పంపాను. మూడింటికీ ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అన్న ఒక్క వాక్యమే జవాబుగా వచ్చింది. ఆ సంబంధిత విభాగం ఏదో పద్నాలుగు నెలలు తిరిగినా నాకు తెలియలేదు కనుక ఈ లేఖను అందరి ఎదుటా రాస్తున్నాను.

మా అమ్మకు 76 ఏళ్లు. రెండు వెన్నుపూసలు కుంగి నడుము అప్పటికే వంగిపోయింది. ఆపైన కాలు జారి కుడి తుంటి విరిగింది. శస్త్రచికిత్స చక్కగా చేశారు, ఆ వైద్యులకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఎముకల బలానికి వారానికొకసారి వేసుకునే అలెండ్రొనేట్ మాత్రను పరగడుపున మింగి, కనీసం అరగంట నడుం వాల్చకుండా నిటారుగా ఉండాలి. ఆ వంగిన వెన్నుతో అమ్మ పది నిమిషాలు కూర్చోవడమే కష్టం. నాలుగు వారాలు ప్రయత్నించేసరికి గొంతు నుంచి ఛాతీ దాకా మంట పట్టుకుంది. అందుకే ఎముకల డాక్టరు గారు మాత్ర మాన్పించి, ఏడాదికొకసారి 5 మిల్లీగ్రాముల జోలెడ్రానిక్ యాసిడ్‌ను కనీసం 15 నిమిషాల పాటు ఎక్కించాలని చీటీ రాసిచ్చారు.

ఆ చీటీ పట్టుకుని వెళితే, మందు ఎక్కించే పడకలు తమ వద్ద లేవని ఎముకల విభాగం వారన్నారు. పడకలున్న క్యాన్సర్ విభాగం వారేమో, తమకు వచ్చే ఇదే మందు 4 మిల్లీగ్రాముల సీసాలు ఎముకలకు క్యాన్సర్ పాకినవారి కోసమని, ఇతర విభాగాల రోగులకు తాము కోరి తెప్పించలేమని చెప్పారు. వారి మాటలో తప్పు లేదు. ఆ రోగుల మందు మాకివ్వమని నేనెన్నటికీ అడగను. మా మందు ఎవరు తెప్పించాలన్నదే నా ప్రశ్న.

ఎక్కించే ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు చేయాలి, పళ్లు చూపించుకోవాలి. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవారికి, అంటే క్రియాటినిన్ క్లియరెన్స్ 35 కంటే తక్కువ ఉన్నవారికి ఈ మందు ఇవ్వకూడదు. కాల్షియం తక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. ఈ జాగ్రత్తలన్నీ అవసరమే. కానీ పరీక్షలు సిద్ధమైన రోజున మందు ఉండదు, మందు వచ్చిందని కబురు అందేనాటికి ‘నివేదికలు పాతవి, మళ్లీ చేయించండి’ అంటారు, చేయించి తెచ్చేసరికి మందు అయిపోతుంది. అమ్మ ఇలా మూడుసార్లు రక్తం ఇచ్చింది. మూడోసారి మోచేతి మడతలో కమిలిన చోటును చీర చెంగుతో కప్పుకుంటూ ‘ఇంకా ఎన్నిసార్లమ్మా’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా?

ఈ నిరీక్షణలోనే అమ్మకు మూడో వెన్నుపూస కుంగింది. మందు పడి ఉంటే కుంగేది కాదని నేను ప్రమాణం చేయలేను. కానీ 2007లో వెలువడిన పెద్ద పరిశోధనలో, ఏడాదికొకసారి చొప్పున మూడేళ్లు ఈ మందు తీసుకున్న స్త్రీలలో వెన్నుపూసలు విరగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గాయి. తుంటి విరిగి శస్త్రచికిత్స అయిన 90 రోజులలోపు దీన్ని మొదలుపెట్టినవారిలో మరణాలు 28 శాతం తగ్గాయని అదే ఏడాది మరో పరిశోధన చెప్పింది. ఆ 90 రోజులను మేము వరండాలలో పోగొట్టుకున్నాం.

అక్కడే కలిసిన ఒక పెద్దావిడకు కిందటేడు మందు పడిందట. ఆ రాత్రి చలిజ్వరం, ఒళ్లంతా నొప్పులు. మొదటిసారి చాలామందికి ఇలా ఒకటి రెండు రోజులు ఉంటుందని, పారాసిటమాల్‌తో తగ్గుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ ఏడాది వద్దనే అంటోంది. రెండు ముక్కలు చెప్పే మనిషి లేక ఒక నిండు చికిత్స ఆగిపోవడం ఎంత అన్యాయం!

అయ్యా, ఈ మందు బాధ్యత ఏ విభాగానిదో దయచేసి రాతపూర్వకంగా తేల్చండి. పరీక్షల తేదీ, మందు తేదీ ఒకరే ఖరారు చేసేలా చూడండి. ఏడాది నిండగానే రోగికి కబురు వెళ్లే ఏర్పాటు చేయించండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే, బాధ్యులెవరో ముందు చెప్పండి, వారి దగ్గరికే వెళతాం. అమ్మకు వచ్చే వారం నాలుగోసారి రక్తం తీస్తారు. ఈసారైనా ఆ నివేదిక పాతబడకముందే మందు సీసా అక్కడ ఉండేలా చూడమని వేడుకుంటున్నాను.

భవదీయురాలు,
ఒక రోగి కుమార్తె