రిటైరైన చిన్నాకు అమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

రిటైరైనప్పటి నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదని చిట్టి చెప్పింది. దాని కోసం రాయడం లేదులే. పొద్దున్నే గళ్లనుడికట్టు నింపేసి, మెదడుకు మేత అయిపోయిందని టీవీ ముందు చేరుతున్నావట, అందుకు.

తడుముకోకుండా పావుగంటలో నింపేసేది మేతెలా అవుతుంది? 2002లో అమెరికా పరిశోధన ఒకటి వెలువడింది. 2,832 మంది పెద్దవాళ్లలో ఒక గుంపుకు జ్ఞాపకశక్తి, ఇంకో గుంపుకు తర్కం, మూడో గుంపుకు చూసింది వేగంగా పట్టుకోవడం నేర్పారు. నాలుగో గుంపుకు ఏమీ నేర్పలేదు. ఎవరు నేర్చినదాంట్లో వాళ్లు మెరుగయ్యారు గానీ అది పక్కదానికి పాకలేదు. కాబట్టి రానిది పట్టుకో. కొత్త లిపి అయితే రోజుకు ఐదక్షరాలు, ఇరవై నిమిషాలు. చూస్తూ పదిసార్లు దిద్దకు, ఒకసారి చూసి పుస్తకం మూసి రాయి. మర్నాడు, మూడోనాడు, వారానికి, మూడు వారాలకు మళ్లీ రాయి. తప్పినదాన్ని మొదటి రోజుకు దించు. తిరగేసి చదివితే వచ్చేసినట్టే ఉంటుంది, అడిగితే నోరు పెగలదు. చాలామంది అక్కడే మోసపోతారు.

ఫోన్ మోగితే వినపడుతోందా అసలు?

పెద్దమామయ్య సంగతి తెలుసుగా. పేరు అడిగితే ఊరు చెప్పేవాడు, నలుగురిలోకి రావడం మానేశాడు. అందరూ మతిమరుపని తేల్చారు. ఆడియోగ్రామ్, అదే వినికిడి పరీక్ష, తీస్తే సన్నని హెచ్చు స్వరాలు వినపడటం పోయిందని బయటపడింది. స, ష, త లాంటి హల్లులు, చిన్నపిల్లల గొంతులు ముందు జారిపోతాయట. ఫోన్లో పెదవులు కనపడవు కదా, అందుకని ముందు ఫోన్ మానేశాడు. సగం వినడానికే శక్తంతా ఖర్చయితే గుర్తుపెట్టుకోవడానికి ఏం మిగులుతుంది? చెవి మిషన్ ఇస్తే కుళాయి చప్పుడు, కాగితాల చప్పుడు భరించలేక సొరుగులో పడేశాడు. అక్క పోరి మళ్లీ వినికిడి చూసే ఆడియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన శబ్దం సరిచేసి, రోజుకు గంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పొమ్మన్నాడు. వారాలు పట్టింది. ఇప్పుడు చదరంగంలో ఓడిన ఆట కూడా ఎత్తు తర్వాత ఎత్తు చెబుతాడు.

నిన్ననడం లేదు. కానీ టీవీ ఎంత గట్టిగా పెడతావో కోడల్ని అడిగితే నవ్వేసి ఊరుకుంది.

ముందు చెవిలో గుబిలి ఉందేమో చూపించుకో, అది తీస్తేనే సరిపోవచ్చు. బి12, థైరాయిడ్ కూడా చూడమను, అవి తగ్గినా మరుపు వస్తుంది. జలుబుకో నిద్రకో వాడే మాత్రలు ఏమైనా ఉంటే చీటీ తీసుకెళ్లి డాక్టరుకు చూపించు, కొన్ని మాత్రలు బుర్రను మబ్బు చేస్తాయి. రిపోర్టు ఫోటో తీసి చిట్టికి పంపు, నాకు చదివి వినిపిస్తుంది. కళ్లజోడు నంబరూ పాతదేగా, అదీ చూపించుకో.

మీ అమ్మ