శిశు సంక్షేమ శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంచాలకులకు,

సంరక్షణ గృహాల్లో పిల్లలందరినీ సమానంగా చూస్తున్నామని మీ శాఖ చెబుతుంది. అందరికీ ఒకే దినచర్య, ఒకే ప్రార్థన, ఒకే భాష పెట్టడం నిర్వాహకుల సౌలభ్యమే తప్ప సమానత్వం కాదు.

వినికిడి లేని పాప చేరిన రోజు సంగతే చూడండి. సైగభాష తెలిసినవారు ఉండరు. రికార్డులో 'మాట్లాడదు' అని రాసి సంతకం చేస్తారు. ఆ పాపను ఎవరైనా కొట్టారేమో అడిగే దారే మూసుకుపోతుంది. రాత్రి దీపాలార్పితే ఎదుటివారి చేతులు కూడా కనిపించవు. ఇక ఆమె ఎవరితో చెప్పుకోవాలి?

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం తనకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కును బిడ్డకు ఇచ్చింది. కుటుంబానికి దూరమైన బిడ్డ మతం, సంస్కృతి, భాషా నేపథ్యాలను దృష్టిలో పెట్టుకోవాలని 20వ అధికరణం చెబుతోంది. శిక్షణ తరగతుల్లో ఇవన్నీ చదివి వినిపిస్తారు. హాజరు పట్టీ నిండుతుంది, అంతే.

చేర్చుకునే రోజే దుబాసీని పిలిపించండి. ఆ పని తోటి పిల్లలకు అప్పగించకండి. ఒక బిడ్డ కష్టం మరో బిడ్డ నోట బయటికి రాకూడదు. గృహం వీడబోయే యువతీయువకులను తనిఖీ బృందాల్లో చేర్చండి. ఎక్కడ ఏ లోపముందో మీ తనిఖీ అధికారులకన్నా వారికే బాగా తెలుసు.

భవదీయురాలు,
ఒక సంరక్షణ కార్యకర్త