ఆదివారం గుడ్లసంచి విప్పుతున్నాం

మిత్రులకు నమస్కారం.

మన గుత్తి నీలి టరంటులా (పెద్ద సాలీడు) గుడ్లసంచి కట్టి ఈ ఆదివారానికి 30 రోజులు. ఉదయం 10 గంటలకు లెస్టర్‌లో మా ఇంట్లో విప్పుతాను. తల్లిని నేనే పక్కకు తప్పిస్తాను. మెరుపులా పరుగెడుతుంది, కాటు చాలా బాధిస్తుంది. దయచేసి ఎవరూ చేయి పెట్టవద్దు.

గుడ్లు లేత పసుపు పూసల్లా ఉంటాయి. నీటికి పైన వేలాడే కాఫీ వడపోత కాగితంలో, 26 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతాం. అతుక్కోకుండా రోజూ మెల్లగా దొర్లించాలి. ఒక్కటి నల్లబడినా వెంటనే తీసేయాలి, బూజు పక్కవాటికి పాకుతుంది.

దొర్లించే వంతులకు శుక్రవారంలోగా పేర్లివ్వండి. సెంటు పూసుకుని రావద్దు.

నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో ఈ జాతి అంతరించిపోయే దశలో ఉంది. అడవిలో పట్టినవి ఎవరు అమ్మజూపినా కొనకండి.