సిరొంచ తాలూకా దివ్యాంగుల వైద్య సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన అందరికీ నమస్కారం. 2024 ఉగాది నుంచి 2025 ఉగాది దాకా మా చేతికొచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు ఇది.

జమ: పాత నిల్వ రూ. 3,240. సిరొంచ, అంకీసా, ఆసరెల్లిలో ఇంటింటి చందాలు రూ. 41,310. హైదరాబాద్, మంచిర్యాలలో ఉంటున్న మనవాళ్ళు ఫోన్‌పేలో పంపినవి రూ. 27,500. శివరాత్రి డబ్బాలో రూ. 6,185. మొత్తం రూ. 78,235.

ఖర్చు: బండి అద్దె, డీజిల్, బస్సు టికెట్లు రూ. 38,900. బస, భోజనాలు రూ. 11,460. మందులు, స్కానింగ్ రూ. 14,725. చంక కర్రలు, చెవి మిషను బ్యాటరీలు, మేజోళ్ళు రూ. 5,630. జిరాక్సు, ఫొటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు రూ. 1,870. మొత్తం రూ. 72,585. నిల్వ రూ. 5,650.

"వైద్యానికని అడిగి సగం డబ్బు బండికే పోశారేంటి?" అని అంకీసాలో ఒక పెద్దాయన అందరి ముందూ అడిగారు. సగం కాదు, సగానికి పైనే. జైపూర్ కాలు (కృత్రిమ కాలు) ఉచితంగానే ఇస్తారు, దాని దాకా పోవడానికే డబ్బు. వైకల్య సర్టిఫికెట్ కోసం జిల్లా కేంద్రం గడ్చిరోలి పోవాలంటే ఒకవైపే 200 కిలోమీటర్లు దాటుతుంది. మందుపాతరలో మోకాలి కింద కాలు పోయిన అమ్మాయిని మొదటిసారి బస్సులోనే తీసుకెళ్ళాం. కాలు వేలాడేసి కూర్చోవడంతో దారిలో ఆలపల్లి చేరేసరికి తెగిన కాలి మొండి వాచిపోయింది. వాపు మీద కొలత తీస్తే తర్వాత సాకెట్ (కృత్రిమ కాలిలో మొండి దూరే గిన్నె) వదులవుతుంది. అందుకే రెండోసారి బండి మాట్లాడి, వెనక సీట్లో బొంత మడిచి కాలు దాని మీద పెట్టించి తీసుకెళ్ళాం. ఇంకో ట్రిప్పు మాత్రం మా తప్పే. ఎక్స్‌రే ఫిల్ములు ఇంట్లో మర్చిపోయి ఉత్త చేతుల్తో తిరిగొచ్చాం. ఆ రూ. 4,200 కూడా పై బండి పద్దులోనే ఉంది, దాచలేదు.

నది దాటితే తెలంగాణ, ఆసుపత్రులు దగ్గరే. కానీ మన రేషన్ కార్డు మహారాష్ట్రది కాబట్టి అక్కడ ఆరోగ్యశ్రీ వర్తించదు. మందులు, స్కానింగ్ పద్దులో ఎక్కువ భాగం అలా అక్కడ డబ్బు కట్టి చేయించుకున్నదే. సాయుధ ఘర్షణల్లో దివ్యాంగులకు సమాన రక్షణ ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ అంటుంది. పల్లెల్లో దగ్గర్లోనే ఉచిత వైద్యం అని 25వ సెక్షన్ అంటుంది. ఆ 'దగ్గర్లో' ఎంత దూరమో మా డీజిల్ బిల్లులు చూస్తే తెలుస్తుంది.

శాతాల గొడవ ఒకటుంది. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం వస్తే దివ్యాంగుల పథకాలకు అర్హత. నక్సల్ హింసలో గాయపడ్డ పౌరులకు కేంద్రం ఇచ్చే రూ. 5 లక్షల సాయానికి మాత్రం 50 శాతం ఉండాలి. పేలుడులో చేతి వేళ్ళు పోయిన ఒకాయనకు 45 వచ్చింది. కార్డు వచ్చింది, సాయం రాలేదు. మళ్ళీ పరీక్ష చేయమని అర్జీ పెట్టించాం.

బ్యాటరీల ఖర్చు రెట్టింపు ఎందుకైందంటే, పేలుడుకు వినికిడి పోయిన తాత ఒకాయన ఆరు బ్యాటరీల స్టిక్కర్లూ ఒకేసారి పీకేశారు. స్టిక్కర్ తీసిన క్షణం నుంచే అవి అరిగిపోతుంటాయి. ఇప్పుడు మనవరాలు దాచిపెట్టి, ఒక్కొక్కటే ఇస్తోంది.

బిల్లులు కోశాధికారి ఇంట్లో ఉన్నాయి, ఆదివారం సాయంత్రం ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఎదిగే పిల్లాడు ఒకడికి ఈ వేసవిలో సాకెట్ మార్చాలి, నిల్వ ఉన్నది బండికే సరిపోదు. చందా రాయించి ఇంకా ఇవ్వనివారు 11 మంది. పేర్లు రాయడం లేదు, వారికే తెలుసు.