అమ్మలూ, ముందు బట్ట పట్టుకుని చూడు

బరంపురం,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సగం సగమే జవాబు చెప్పాను. అప్పుడు కొట్లో ఇద్దరు ఆది జాకెట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఒకామెకి మర్నాడే పెళ్లి, నా టెన్షన్ నాది. ఇవాళ మిషన్ మీద గుడ్డ కప్పేసి తీరిగ్గా రాస్తున్నాను. ఫోన్లో చెబితే గాలికి పోతుంది, కాగితం మీద ఉంటే సెట్‌లో తీసి చూసుకుంటావు.

నువ్వు అడిగినవి రెండు. మీరు తీస్తున్న సినిమాలో, 1936 నాటి మన గంజాం జిల్లా కథలో, ఆడవాళ్లకి ఎలాంటి జాకెట్లు వెయ్యాలన్నది ఒకటి. పాతకాలం సినిమా ఒకటి ఆడగానే జనం ఆ బట్టలే ఎందుకు కుట్టించుకుంటారని, నువ్వు అసిస్టెంటుగా ఉన్న మీ మేడం గారు అడిగిన మాట రెండోది. రెండోదానితోనే మొదలుపెడతాను. అది రోజూ నా కత్తెర కిందకి వచ్చే సంగతి.

సినిమాలో కనిపించిన బట్టని ఉన్నదున్నట్టు కుట్టించుకున్న మనిషిని నేను చూడలేదు. ఫోన్లో హీరోయిన్ ఫోటో చూపిస్తారు, అందులోంచి ఒక్క ముక్క తీసుకుంటారు. 2018లో ‘మహానటి’ వచ్చినప్పుడు నువ్వు కొట్లోనే కూర్చుని హోంవర్క్ చేసుకునేదానివి, గుర్తుందా? ఆ ఎండాకాలమంతా ఒకటే మాట, చేతులు మోచేతి దాకా ఉండాలి, మెడ దగ్గరగా ఉండాలి. తెలుగువాళ్లే అనుకోకు, సినిమా చూడని ఒడియా ఆడపిల్లలు కూడా అవే చేతులు అడిగారు. అయితే ఆ సినిమాలో జుట్టు ముడులు, నగలు కూడా ఉన్నాయి కదా, వాటిని ఎవరూ అడగలేదు. అప్పటికే ఉద్యోగాలకి వెళ్లే ఆడపిల్లలు చేనేత చీరలు కట్టడం మొదలుపెట్టారు. ఆ చీరల మీదకి వీపంతా కనబడే జాకెట్టు నప్పడం లేదు, ఏది నప్పుతుందో తెలియడం లేదు. వాళ్ల మనసులో ఉన్నదాన్ని సినిమా ఒక మంచి మొహం మీద చూపించింది. మీ మేడం గారికి నా జవాబు ఇదే. జనం దేనికోసం చూస్తున్నారో అది తెర మీద కనపడితే తీసుకుంటారు, మిగతాది హాల్లోనే వదిలేసి వస్తారు.

అనార్కలి సంగతి చూడు. ‘మొఘల్-ఎ-ఆజమ్’ 1960లో వచ్చింది. కథ అక్బర్ కాలానిది. నా దగ్గర అనార్కలి కుట్టించుకునే పిల్లల్లో ఆ సినిమా చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. అయినా పైన ఒంటికి బిగుతుగా ఉండి, కింద గేరు తిరిగే ఆ డ్రెస్సుకి ఆ పేరే నిలిచిపోయింది. ఎందుకు నిలిచిందో కుట్టేవాళ్లకి తెలుస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్లని పొడుగ్గా చూపిస్తుంది, నడుము లావైతే దాచిపెడుతుంది, తిరిగితే అందంగా విచ్చుకుంటుంది. కానీ అందులో గేరు కోసం కలిపే ముక్కల్ని, అవే కలీలు, ఏటవాలుగా కత్తిరిస్తాం. ఏటవాలు బట్ట బరువుకి సాగుతుంది. అందుకే కలీలన్నీ కలిపి కుట్టాక ఒక రాత్రంతా హ్యాంగర్‌కి వేలాడదీసి, మర్నాడు కింద అంచు సరిచేసి కత్తిరించి, అప్పుడు మడత కుడతాను. రెడీమేడ్‌లో ఆ రాత్రి దాకా ఎవరూ ఆగరు. అందుకే రెండు ఉతుకులకే పక్కలు కిందకి జారి, ముందు వెనక పైకి లేచిపోతాయి. సెట్‌లో అనార్కలి లాంటిది ఎవరికైనా కుట్టిస్తే ఆ ఒక్క రాత్రి అడిగి తీసుకో. క్లోజప్‌లో ఎవరూ చూడరు కానీ, హీరోయిన్ మెట్లు దిగే షాట్‌లో తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. పాతకాలం సినిమాల్లో పాతకాలం ఎంత ఉంటుందో, తీసినవాళ్ల కాలం కూడా అంత ఉంటుంది. 1963లో వచ్చిన ‘క్లియోపాత్ర’ ఫోటోలు తీసి చూడు. రెండు వేల ఏళ్ల నాటి ఈజిప్టు రాణి అన్నమాటే గానీ, ఆ జాకెట్టు కోత, ఆ జుట్టు అరవైల నాటి ఆడవాళ్లవే. కంటికి పెట్టిన ఆ పొడుగు తోక కాటుక మాత్రం జనం ఇష్టంగా ఎత్తుకున్నారు, ఇప్పటికీ పెళ్లి మేకప్‌లో అదే పెడుతున్నారు. 1967లో వచ్చిన ‘బానీ అండ్ క్లైడ్’ అమెరికాలో 1930ల నాటి దొంగల కథ. అందులో హీరోయిన్ పెట్టుకున్న గుండ్రటి టోపీ, మోకాలు దిగే స్కర్టు మళ్లీ ఫ్యాషన్ అయిపోయాయి. అప్పటికి అక్కడ అమ్మాయిలు మోకాలి పైకి ఉండే స్కర్టులు వేస్తున్నారు, వాళ్లకి మార్పు కావాల్సి వచ్చింది.

మన పౌరాణికాల్లో కూడా ఇదే జరిగింది. లక్ష్మీదేవి అనగానే మన కంటి ముందుకి వచ్చే చీరకట్టు రాజా రవివర్మ గారి బొమ్మల్లోది. 1894లో ఆయన ప్రెస్ పెట్టాక ఆ బొమ్మలు ఇంటింటి గోడకీ చేరాయి. సినిమాలు వాటి దారిలోనే నడిచాయి. చిన్నప్పుడు నిన్ను ముఖలింగం తీసుకెళ్లాం కదా, ఈసారి గుడి గోడల మీద ఆడవాళ్ల శిల్పాలు మళ్లీ చూడు. నడుము కింద బట్ట, దాని కుచ్చిళ్లు, మొలనూలు, చేతులకి కడియాలు, మెడ నిండా నగలు, ఇవన్నీ ఎంత శ్రద్ధగా చెక్కారో. కుట్టిన జాకెట్టు కోసం వెతుకు, దొరకదు. సినిమాలో అలాగే చూపించమని నేను అనను. కానీ ‘ఇది వెయ్యేళ్ల నాటి జాకెట్టు’ అని ఎవరైనా నీ చేతికి డ్రాయింగ్ ఇస్తే నమ్మెయ్యకు.

మనం ఇప్పుడు కట్టే పద్ధతికి వయసు తక్కువే. రవీంద్రనాథ్ ఠాగూర్ గారి అన్న సత్యేంద్రనాథ్ గారి భార్య జ్ఞానదానందినీ దేవి 1860లలో భర్త ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్లి, అక్కడి పార్సీ ఆడవాళ్ల కట్టు చూసి, జాకెట్టూ లోపలి లంగాతో చీర కట్టే పద్ధతిని కలకత్తా తీసుకొచ్చింది. చదువుకున్న కుటుంబాల్లో అది నెమ్మదిగా పాకింది. బుట్ట చేతులు మన అమ్మమ్మలవని ఎంతో మురిసిపోతాం కదా, అవి దొరసానుల గౌన్లలోంచి వచ్చినవి. అంతమాత్రాన అవి మనవి కాకుండా పోవు. మూడు తరాలు కట్టుకున్నాక ఇంకెవరివవుతాయి?

ఇప్పుడు నీ 1936. ఆ ఏడు మార్చి నెలాఖరు దాకా మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. మీ డైరెక్టర్ గారు గంజాం అంటే అందరికీ ఒకే రకం కట్టు పెట్టేస్తారేమో, పెట్టనివ్వకు. ఒకే వీధిలో తెలుగింటి చీర ఒకలా ఉండేది, ఒడియా ఇంటి చీర ఒకలా ఉండేది, మద్రాసులో చదువుకుని వచ్చిన ప్లీడరు గారి భార్య కట్టు ఇంకోలా ఉండేది. పల్లెల్లో ముసలివాళ్లు చాలామంది జాకెట్టే వేసుకునేవారు కాదు. వయసులో ఉన్నవాళ్లది ముందు ముడి వేసుకునే రవిక. చదువుకున్న ఇళ్లల్లో బుట్ట చేతుల జాకెట్టు, మెడ చుట్టూ సన్నటి లేసు.

మా అమ్మమ్మ రవిక ఒకటి పెట్టెలో ఉంది. ఇవాళ మళ్లీ తీసి, తిరగేసి చూశాను. ఒంటికి అతికేలా మడిచి కుట్టే డార్ట్‌లు లేవు, లైనింగ్ లేదు. చంక కింద చిన్న చదరపు ముక్క వేసి కుట్టారు. చెయ్యి పైకెత్తినా పొట్ట దగ్గర బట్ట లేవదు, దంచేవాళ్లకి, నీళ్లు తోడేవాళ్లకి అలాగే కావాలి. ఇప్పటి జాకెట్టు ఫోటోకి బాగుంటుంది, రోలు ముందు కూర్చుంటే చిరుగుతుంది. మీ ఆర్టిస్టులకి ఆ చదరపు ముక్క వేసి కుట్టించు, వాళ్ల చేతుల కదలికే మారిపోతుంది. చీరలకి ఫాల్ వద్దు, పీకో వద్దు, పైటకి పిన్నులు వద్దు. చీర కొంచెం పైకి, కాలి కడియం కనపడేలా కట్టించు.

ఇంకొకటి కూడా అడుగు. పాత కథ అనగానే ఊరందరికీ ఆ రోజే మడత విప్పిన బట్టలు వేసేస్తారు. నాకు అది చూస్తే బాధేస్తుంది. రెండే చీరలున్న మనిషి చీర మోకాళ్ల దగ్గర పలచబడుతుంది, కొంగు చివర పసుపు మరక ఉంటుంది, అంచు నలిగి తాడులా అవుతుంది. కొన్న బట్టని ముందు ఉతికించి, ఎండబెట్టించి, రాళ్ల మీద రుద్దించి అప్పుడు వెయ్యండి. మగవాళ్లకి, కథలో కాంగ్రెస్ వాళ్లు ఉంటే, పొందూరు ఖద్దరు తెప్పించు. మనకి పక్క జిల్లాయే కదా. అక్కడ వాలుగ చేప దవడ ముల్లుతో పత్తి ఏకి, చేత్తో వడుకుతారు. ఆ పంచె ఒంటి మీద పడే తీరు మిల్లు బట్టకి రాదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. తాతయ్య నేత నీకు తెలుసు, కానీ చిన్నప్పుడు చూశావు, ఇప్పుడు పని తెలిసిన మనిషిగా చూడాలి. బరంపురం పట్టు అంచులో గోపురాల్లా పైకి లేచే కుంభం ఉంది చూశావా, దానికి అంచులో అడ్డంగా నేసే పోగు, అదే పేక, వేరు, ఒంటి పేక వేరు. పేక పోగుని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె నడిమికి ఒకటి, రెండు అంచులకీ చెరొకటి. రంగు మారే ప్రతి చోటా ఒక పోగు రెండో పోగుని పట్టుకుని వెనక్కి తిరగాలి. చీర తిరగేసి గోటితో ఆ గీత మీద రాస్తే సన్నగా గరుకు తగులుతుంది. ప్రింటు చీర మీద రాస్తే ఏమీ తగలదు. మన పట్టుకి 2012లో, ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చినా, కుంభం అంచు ఏదైనా సినిమాలోనో సీరియల్‌లోనో కనపడితే చాలు, అదే బొమ్మ అచ్చేసిన సిల్కు లాంటి చీరలు బజారు నిండా దిగిపోతాయి. జనానికి బొమ్మ దొరికింది, వాళ్ల తప్పేం లేదు. మగ్గానికి మాత్రం ఏమీ దొరకలేదు. మన సందులో మగ్గం చప్పుడు ఎన్ని ఇళ్లల్లో ఆగిపోయిందో నీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే ‘మహానటి’ మాట మళ్లీ తెస్తున్నాను. ఆ సినిమాకి డిజైనర్ గౌరంగ్ షా గారు పాత చీరలు చూసి మగ్గాల మీద మళ్లీ నేయించారు. ఆయనకీ, ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావు గార్లకీ కలిపి దుస్తులకి జాతీయ అవార్డు ఇచ్చారు. నాకు అవార్డు కంటే ఇంకోటి గుర్తుండిపోయింది. చేతుల కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్లలో కొందరు ‘ఆ చీర ఏ నేత?’ అని అడిగారు. హీరోయిన్ పేరు, కలరు, షాపు పేరు అడగడం మామూలే. నేత గురించి అడగడం నేను అప్పుడే విన్నాను. తెర మీద నిజం బట్ట ఉంటే దాని బరువు, అది పడే తీరు కొందరి కంటికైనా ఆనుతుంది. వాళ్లు వెతుక్కుంటూ మగ్గం దాకా వస్తారు. తెర మీదే నకిలీ వేస్తే వెతుక్కునేవాళ్లకి కూడా నకిలీయే దొరుకుతుంది. నువ్వు ఇప్పుడు ఆ తెర వెనక ఉన్నావు. అసిస్టెంటువే, నీ మాట ఎంత చెల్లుతుందో నాకు తెలుసు. కానీ బట్టలు కొనే లిస్టు రాసేది అసిస్టెంట్లే కదా. పాత సినిమా ఫోటో చూసి లిస్టు రాయకు. ఆ బట్ట ఎక్కడ నేస్తారో కనుక్కుని, చేత్తో పట్టుకుని చూసి అప్పుడు రాయి.

నాన్న ఒకటి అడగమన్నారు. హీరో తల్లి పాత్రకి బరంపురం పట్టు అనుకుంటున్నారని నువ్వు అన్నావట. నిజమైతే అంచు రంగు, ఒంటి రంగు ఈ వారంలో చెప్పు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించి నెయ్యడానికి తాతయ్యకి టైం పడుతుంది, ‘రేపు షూటింగ్’ అంటే ఆయన చెయ్యలేరు, చెయ్యరు కూడా. లైట్ల కింద జరీ మరీ మెరిసిపోతుందేమో, జరీ తగ్గించమంటారో లేదో కూడా కెమెరా ఆయన్ని అడిగి చెప్పు. టైటిల్స్‌లో నేసినవాళ్ల ఊరి పేరు వేస్తారేమో మెల్లగా కనుక్కో. వెయ్యమంటే వెయ్యకపోవచ్చు, అడిగితే తప్పు లేదు.

అమ్మమ్మ రవిక మాత్రం కొరియర్‌లో పంపను. పేపరు మీద గీసి, చంక ముక్క కొలతతో సహా అన్నీ రాసి వాట్సాప్‌లో ఫోటో పెడతాను. అసలుది చూడాలంటే దసరాకి నువ్వే రా. మీ మేడం గారికి కుదిరితే ఆవిడని కూడా తీసుకురా, పై గది ఖాళీగానే ఉంది. వేళకి తిను.

అమ్మ