విల్లమ్ముల వేట పుస్తకాలు: అట్ట చూసి కొనకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత పుస్తకాల సేకరణ గురించి వచ్చిన వ్యాసంలో విల్లమ్ముల వేట గ్రంథాలకూ చోటిచ్చారు, సంతోషం. కానీ తోలు అట్ట, బంగారు అంచులు ఉన్న ప్రతులనే వెతికి కొనమన్న సలహా కొత్తవాళ్లను దారి తప్పిస్తుంది. ఈ పుస్తకాల్లో అంత ముస్తాబుతో కనిపించేవి ఎక్కువగా ఈమధ్య వేసిన పునర్ముద్రణలే. తొలి ముద్రణలు ఎక్కువగా గుడ్డ అట్టతో వచ్చాయి.

ముందుగా చదవాల్సింది సాక్స్‌టన్ పోప్ రాసిన ‘హంటింగ్ విత్ ది బో అండ్ యారో’. పోప్ శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టరు. కాలిఫోర్నియాలోని యాహి అనే ఆదివాసీ తెగలో చివరివాడైన ఇషి 1911లో బయటి ప్రపంచానికి కనిపించాడు, 1916లో క్షయతో చనిపోయాడు. ఆ మధ్యకాలంలో పోప్ ఆయన దగ్గర కూర్చుని విల్లు చెక్కడం, అమ్ముకు ఈకలు కట్టడం, జంతువు దగ్గరికి చప్పుడు లేకుండా చేరడం నేర్చుకున్నాడు. జునిపర్ కర్రతో చేసి, వెనక జంతువుల నరాలు అతికించిన ఇషి విల్లు పొడవు 42 అంగుళాలు. ఇలాంటి కొలతలే ఆ పుస్తకానికి ప్రాణం. తొలి ముద్రణ 1923లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ బ్యారీ కంపెనీ వేసింది. 1925లో పట్నమ్స్ అనే ప్రచురణ సంస్థ మళ్లీ అచ్చేసింది. ఈ రెండోదాన్ని మొదటిదని చెప్పి అమ్మేవాళ్లున్నారు. కాపీరైటు పేజీలో పాత సంవత్సరం కనబడగానే నమ్మకండి. అట్ట లోపలి ముఖపత్రం మీద ప్రచురణకర్త పేరు, ఊరు ఏమున్నాయో చూడండి.

దానికంటే ముందుది మారిస్ థాంప్సన్ ‘ది విచరీ ఆఫ్ ఆర్చరీ’, 1878. తరవాతది హోవర్డ్ హిల్ ‘హంటింగ్ ది హార్డ్ వే’, 1953. ఇంగ్లీషు రచయిత రోజర్ ఆస్కమ్ ‘టాక్సోఫిలస్’ 1545 నాటిది, వేట కన్నా గురి మీదే దాని దృష్టి. దానికి ఎడ్వర్డ్ ఆర్బర్ 1868లో వేసిన పునర్ముద్రణ చాలు.

పోప్, థాంప్సన్ పుస్తకాలకు కాపీరైటు తీరిపోయింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవడానికే అయితే డబ్బు పెట్టక్కర్లేదు. అయితే ఆర్డరిస్తే అప్పటికప్పుడు అచ్చేసి పంపే ప్రతులతో జాగ్రత్త. కంప్యూటరు పాత అచ్చును గుర్తుపట్టి టైపు చేసిన పాఠంలో భిన్నాలు చెడిపోతాయి, 5/8 అంగుళం కాస్తా 518 అవుతుంది. బొమ్మలు ఎగిరిపోతాయి, ఫొటోలు నల్లటి మచ్చలవుతాయి. ఆ కొలత నమ్మి విల్లు చెక్కితే పిడికి ఒక పక్క బలంగా, ఇంకో పక్క బలహీనంగా తయారై లాగినప్పుడు విరుగుతుంది. అందుకే అసలు పేజీల ఫొటోలున్న స్కాన్ ప్రతినే చూడాలి.

డబ్బు పెట్టి కొనేటప్పుడు, ఆబిడ్స్ ఆదివారం సంతలోనైనా బెంగళూరు అవెన్యూ రోడ్డులోనైనా, ముందు బొమ్మల పట్టిక తెరవండి. ఫొటోలు వేరే నున్నటి కాగితం మీద అచ్చేసి మధ్యలో అతికిస్తారు. ఫ్రేము కట్టుకోవడానికి వాటిని బ్లేడుతో కోసుకుపోవడం మామూలే. పట్టికతో సరిచూసి ఒక్కొక్కటి లెక్కపెట్టాలి. కోసిన చోట వెన్ను దగ్గర సన్నటి కాగితం అంచు మిగిలి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. తడి తగిలిన పుస్తకంలో ఆ నున్నటి కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. బలవంతాన విడదీస్తే బొమ్మ పొరగా ఊడొస్తుంది, కాబట్టి అలాంటిది కొనకపోవడమే మేలు. గోధుమ రంగు మచ్చలకు భయపడక్కర్లేదు, కాగితం పెళుసెక్కితేనే భయపడాలి. గ్రంథాలయం ముద్ర ఉండి, ‘తొలగించినది’ అన్న ముద్ర లేకపోతే కొనొద్దు, ఆ గ్రంథాలయానికి కబురు చేయండి.

మీ వ్యాసంలో అసలు రానిది మన రాయలసీమ సంగతి. విదేశీ తొలి ముద్రణకు పెట్టే డబ్బు ముందు వీటికి పెట్టాలని మా గట్టి అభిప్రాయం. ఎడ్గర్ థర్‌స్టన్ ‘క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ 7 సంపుటాలు 1909లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం వేసింది. బోయల గురించి 1వ సంపుటంలో, చెంచుల గురించి 2వ సంపుటంలో ఉంది. విడిపోయిన సెట్టు చవగ్గా వస్తే ఈ రెండే తీసుకోండి, మన పనికి చాలు. నరహరి గోపాలకృష్ణమ చెట్టి కూర్చిన కర్నూలు జిల్లా మాన్యువల్ (జిల్లా సమాచార గ్రంథం, 1886) ఎక్కడ కనిపించినా వదలొద్దు. కృష్ణకు అవతల అమ్రాబాద్ చెంచుల మీద మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ రాసిన ‘ది చెంచూస్’ 1943లో మాక్మిలన్ వేసింది. ఫొటోలతో సహా నిండుగా ఉన్న ప్రతి దొరికితే పోప్ తొలి ముద్రణ కన్నా దాన్నే ఎంచుకోండి. తెలుగులో అయితే ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని వేట ఉండనే ఉంది. టీకా తాత్పర్యాలున్న పాత ముద్రణ వెతకాలి, వేట మాటలకు అర్థాలు దొరికేది అక్కడే.

కొన్నాక కాపాడుకోవడం ఇంకో ఎత్తు. మన ఎండలకు అట్టలు వంకర తిరుగుతాయి, జిగురు ఎండి వెన్ను వదులవుతుంది. రేకుల కప్పు కింద, పడమటి గోడకు ఆనించి పెట్టొద్దు. బీరువాకూ గోడకూ మధ్య నాలుగంగుళాలు సందు వదిలితే చెదల మట్టి దారి ముందే కనబడుతుంది. పాత సంతలో కొన్నదాన్ని నేరుగా బీరువాలో చేర్చకండి. రెండు పాలిథిన్ కవర్లలో పెట్టి, గాలి నొక్కేసి, టేపుతో మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర 2 వారాలు ఉంచితే పురుగులు, గుడ్లు చస్తాయి. మామూలు ఫ్రిజ్‌లోని ఐస్ అర చాలాసార్లు అంత చల్లబడదు. బయటికి తీశాక 24 గంటలు కవరు విప్పకూడదు, విప్పితే కాగితం మీద నీరు పడుతుంది. చిరిగిన పేజీకి సెలోటేపు వేయనే వేయొద్దు. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడి, జిగురు మరక కాగితంలో దిగిపోతుంది, అది ఇక పోదు. పలచగా కాచిన గోధుమపిండి జిగురు, సన్నటి జపాన్ కాగితం వాడాలి. తోలు అట్టకు నూనె రాయకండి, దుమ్ము పట్టి జిడ్డవుతుంది.

ఇలాంటి పుస్తకాలు వేటను ప్రోత్సహిస్తాయని కొందరంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో విల్లుతోనైనా వేట నేరమే, అది అలాగే ఉండాలి. పుస్తకాలతో పాటు పాత కొమ్ములు, చర్మాలు అంటగట్టే అమ్మకందారు దగ్గర అసలు ఏదీ కొనకండి. కానీ నల్లమలలో విల్లు ఎలా చేశారో, దేనితో కట్టారో రాసిన పేజీలు తూకానికి పోతే ఆ వివరం మళ్లీ రాదు. కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయం, సీమ జిల్లాల కేంద్ర గ్రంథాలయాలు పైన చెప్పిన సీమ పుస్తకాల్లో తమ దగ్గర ఏవి ఉన్నాయో, ఏ సంవత్సరం ముద్రణో, బొమ్మలన్నీ ఉన్నాయో లేదో ఒక జాబితా వేసి ప్రకటించాలని కోరుతున్నాం. ఆ జాబితాను మీ పత్రిక జిల్లా పేజీలో అచ్చేస్తే, తమ ఇంట్లో ఉన్న ప్రతిని ఎవరికి ఇవ్వాలో తెలియనివాళ్లకు దారి దొరుకుతుంది.

ఇట్లు,
పాత పుస్తకాల సేకరణలో ఉన్న కొందరు పాఠకులు,
కడప