దిగుమతి గ్యాసు ఎవరికి, ఎంతకు? కేంద్ర పెట్రోలియం మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర పెట్రోలియం, సహజవాయువు శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

దేశ ఇంధన వినియోగంలో సహజవాయువు వాటాను 2030 నాటికి 15 శాతానికి చేర్చాలన్నది మీ ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. ఇప్పుడది ఆరేడు శాతం దగ్గరే ఉంది. వాడుతున్న గ్యాసులోనూ దాదాపు సగం ఎల్‌ఎన్‌జీగా, అంటే బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాసుగా, ఓడల మీద వస్తోంది. మన బావుల ఉత్పత్తి రాత్రికి రాత్రి పెరిగేది కాదు కాబట్టి, లక్ష్యం వైపు వేసే ప్రతి అడుగుకూ మరిన్ని ఓడలు రావాల్సిందే. నేను అందుకు వ్యతిరేకిని కాను. గోదావరి జిల్లాలో ఒక గ్యాసు విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. గ్యాసు ఉంటే ఏమేం చేయొచ్చో నాకు తెలుసు. అది ఎవరికి, ఏ ధరకు, ఏ పైపులో వస్తుందో తేల్చుకోకుండా కట్టడాలు మొదలుపెడితే ఏమవుతుందో మా జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు.

కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో డీ6 అనే సముద్ర బ్లాకులో గ్యాసు దొరికిందన్న వార్త 2002లో వచ్చింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్నారు. ఆ లెక్క చూసి బ్యాంకులు అప్పులిచ్చాయి, కంపెనీలు టర్బైన్లు తెప్పించాయి. అప్పటికే ఉన్న విజ్జేశ్వరం, జేగురుపాడు, కాకినాడ, కొండపల్లి, పెద్దాపురం కేంద్రాలకు తోడు వేమగిరి, దేవరపల్లిలో కొత్తవి లేచాయి. అన్నీ కలిపితే నాలుగు వేల మెగావాట్లకు పైమాటే. 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలైంది. మరుసటి ఏడాది రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లి, అక్కణ్నుంచి జారడం మొదలుపెట్టింది. 2013 మార్చి నాటికి విద్యుత్ కేంద్రాలకు డీ6 నుంచి వచ్చేది సున్నా.

ఆ రోజుల్లో కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లకు తెలిసినంతగా ఆ పతనం ఇంకెవరికీ తెలియదు. పైపులైను వాళ్ల దగ్గర్నుంచి ఫోను వచ్చేది, ఈ రోజు కోటా ఇంతే అని. లోడు తగ్గించేవాళ్లం. తర్వాత ఒక టర్బైను ఆపేసేవాళ్లం. చివరికి అన్నీ ఆపేశాం. ఆపేశాక పని అయిపోదు. టర్బైను షాఫ్టు టన్నుల బరువు. కదలకుండా ఉంచితే తన బరువుకు తానే వంగిపోతుంది. కాబట్టి ఒక్క యూనిట్ కరెంటు తీయకపోయినా దాన్ని అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండాలి. బాయిలర్ గొట్టాలు తుప్పు పట్టకుండా లోపల నైట్రోజన్ నింపి ఉంచాలి. ఈ పనులకు కావలసిన కరెంటు గ్రిడ్ నుంచి కొనేవాళ్లం. కుర్ర ఇంజనీర్లు ఒక్కొక్కరే గల్ఫ్‌కో గుజరాత్‌కో వెళ్లిపోయారు. కాంట్రాక్టు కార్మికులకు వెళ్లడానికి చోటు లేదు. కొన్ని కేంద్రాలు తర్వాత దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి. ఆ అప్పుల్లో మునిగింది ప్రభుత్వ బ్యాంకుల సొమ్ము, అంటే జనం సొమ్మే.

2015లో మీ ప్రభుత్వమే ఒక దారి చూపింది. ఆగిపోయిన కేంద్రాలకు ఎల్‌ఎన్‌జీని వేలం పద్ధతిలో ఇచ్చి, ధరలో కొంత భారాన్ని కేంద్రం నిధి నుంచి మోసింది. ఓడ గుజరాత్‌లో దిగేది, గ్యాసు ఇక్కడ మా పైపులో వచ్చేది. అక్కడి గ్యాసును అక్కడివాళ్లకిచ్చి, ఇక్కడి గ్యాసును మాకు సర్దేవారు. చాలాకాలం తర్వాత చిమ్నీ నుంచి వేడి గాలి లేవడం చూసి గేటు దగ్గర టీ కొట్టువాళ్ల ముఖాలు కూడా వెలిగాయి. 2017 మార్చితో ఆ పథకం ముగిసింది. ముగియడాన్ని నేను తప్పుపట్టను. రాయితీతో నడిచే కేంద్రం ఎప్పటికీ రాయితీతోనే నడవాల్సి వస్తుంది. కానీ దిగుమతి గ్యాసుతో ఈ యంత్రాలు తిరుగుతాయని ఆ రెండేళ్లలో రుజువైంది. తేలనిది ధర ఒక్కటే.

ఆ ధర లెక్క చూద్దాం. మంచి కంబైండ్ సైకిల్ కేంద్రం (గ్యాసు టర్బైను వేడితో ఆవిరి టర్బైనునూ నడిపేది) ఒక ఎంఎంబీటీయూ (గ్యాసు అమ్మకంలో వాడే ఉష్ణ కొలత) గ్యాసుతో సుమారు 130 యూనిట్లు తీస్తుంది. ఎల్‌ఎన్‌జీ 10 డాలర్లకు దొరికిందనుకుంటే యూనిట్‌కు ఒక్క ఇంధనం ఖర్చే ఆరున్నర, ఏడు రూపాయలు. దానిమీద మళ్లీ గ్యాసుగా మార్చే ఛార్జీ, పైపు ఛార్జీ, రాష్ట్రం పన్ను, విద్యుత్ కేంద్రం స్థిర ఖర్చులు కలపాలి. మధ్యాహ్నం పూట మూడు రూపాయల లోపు సౌర విద్యుత్తు దొరికే దేశంలో ఇది రోజంతా కొనే సరుకు కాదు. పైగా ఆ 10 డాలర్లు కూడా నిలకడగా ఉండవు. 2020 కోవిడ్ రోజుల్లో ఆసియా స్పాట్ ధర, అంటే దీర్ఘకాలిక ఒప్పందం లేకుండా అప్పటికప్పుడు కొనే ధర, 2 డాలర్ల కిందకు పడింది. 2022 ఆగస్టులో 70 డాలర్ల దాకా ఎగిరింది. ఆ లెక్కన యూనిట్ ఇంధనం ఖర్చే నలభై రూపాయలు దాటుతుంది. ఆ ఏడాది యూరప్ ఎక్కువ ధరిచ్చి ఓడల్ని తనవైపు తిప్పుకుంటే, పాకిస్తాన్ టెండరు పిలిచినా ఒక్క బిడ్డూ రాలేదు. మనకూ దెబ్బ తగిలింది. రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్ సింగపూర్ సంస్థతో మన ప్రభుత్వ గ్యాసు సంస్థ గెయిల్‌కు ఉన్న దీర్ఘకాలిక ఒప్పందం ప్రకారం రావలసిన ఓడలు ఆగిపోయాయి. ఒప్పందం ఉంది కదా అని నిశ్చింతగా ఉండే సరుకు కాదిది.

మరి ఎవరికి కొనాలి? నా దృష్టిలో మొదటి వరుస యూరియాది. రామగుండం సంగతే తీసుకోండి. బొగ్గుతో నడిచిన పాత కర్మాగారం 1999లో మూతపడింది. దాన్ని గ్యాసుతో నడిచేలా మళ్లీ కట్టి, ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో 2022 నవంబరులో ప్రధాని జాతికి అంకితం చేశారు. దాని గ్యాసు మల్లవరం పైపులైను మీద వస్తుంది. 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు తెల్లవారక ముందే సొసైటీల దగ్గరకు చేరి, చెప్పులు, పాస్‌పుస్తకాలు వరుసలో పెట్టి కూర్చున్నారు. ఆ కొరతకు కారణాలు చాలా ఉన్నాయి, గ్యాసు ఒక్కటే కాదు. కానీ 45 కిలోల బస్తా రైతుకు 266 రూపాయల చిల్లరకు చేరుతోందంటే, వెనక ఎల్‌ఎన్‌జీ బిల్లును ఖజానా మోస్తోంది కాబట్టే. యూరియాకు ముడిసరుకే గ్యాసు. ఇక్కడ దానికి సౌర ఫలకలు, బ్యాటరీలు ఈ రోజుకి ప్రత్యామ్నాయం కావు. ఇళ్లకు పైపుల్లో వచ్చే వంటగ్యాసు, సిరామిక్, గాజు లాంటి కొలిమి పరిశ్రమలు ఆ తర్వాతి వరుసలో ఉంటాయి.

కరెంటు చివర. చివర అంటే వద్దని కాదు. 2024 మే 30న దేశంలో గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. ఆ వేసవిలో విద్యుత్ చట్టం సెక్షన్ 11 కింద గ్యాసు కేంద్రాలను నడపాలని ప్రభుత్వం ఆదేశించింది. ఎండ వాలిపోయాక, ఇళ్లలో ఏసీలు మొదలయ్యాక వచ్చే ఆ నాలుగైదు గంటలే అసలు పరీక్ష. బొగ్గు కేంద్రాన్ని సాయంత్రానికి లేపి రాత్రికి పడుకోబెట్టలేం. గ్యాసు టర్బైను నిమిషాల్లో లోడు అందుకుంటుంది. అయితే బ్యాటరీల ధర కూడా వేగంగా దిగుతోంది. సౌర విద్యుత్తుకు నిల్వ కలిపిన టెండర్లు యూనిట్ మూడున్నర రూపాయల దగ్గర తేలుతున్నాయి. రోజూ సాయంత్రపు అవసరాన్ని బ్యాటరీలు తీరుస్తాయి. మబ్బు పట్టి, గాలి పడిపోయి, నాలుగు రోజులు ఎడతెరిపి లేని వాన కురిస్తే మాత్రం బ్యాటరీ నింపేదెవరు? అప్పుడు ఉపయోగపడే యంత్రాలు గోదావరి ఒడ్డున ఇప్పటికే ఉన్నాయి. దేశం మొత్తం మీద 20 వేల మెగావాట్లకు పైగా గ్యాసు సామర్థ్యం ఉంటే, ఇటీవలి సంవత్సరాల్లో అందులో ఐదో వంతు కూడా నడవలేదు. కొత్తవి కట్టక్కర్లేదు. ఉన్నవాటిని సిద్ధంగా ఉంచినందుకు కొంత, నడిచినప్పుడు ఇంధనానికి తగినంత చెల్లించే పద్ధతి కావాలి. ఆ చెల్లింపును వేలంలో తేల్చాలి, అందులో బ్యాటరీలతో పోటీపడి నెగ్గిన కేంద్రమే బతకాలి.

ఎల్‌ఎన్‌జీని ఓడ నుంచి దించి మళ్లీ గ్యాసుగా మార్చే టెర్మినల్ విషయానికొస్తే, తమిళనాడులోని ఎన్నూరుకు, ఒడిశాలోని ధామ్రాకు మధ్య మా తీరమంతా ఖాళీగా ఉంది. కాకినాడలో తేలే టెర్మినల్ అన్నారు, గంగవరంలో భూమ్మీదే అన్నారు. రెండూ రాలేదు. మా నాయకులు ఎన్నికలప్పుడల్లా దీన్ని అడుగుతూనే ఉంటారు. నేను మాత్రం ముందు కొచ్చి వైపు చూడమంటాను. 50 లక్షల టన్నుల సామర్థ్యంతో 2013లో అక్కడ టెర్మినల్ సిద్ధమైంది. గ్యాసును మంగళూరుకు చేర్చే పైపులైను 2021 జనవరికి గానీ ప్రారంభం కాలేదు. అన్నేళ్లూ ఆ టెర్మినల్ తన సామర్థ్యంలో చిన్న ముక్కతో కాలక్షేపం చేసింది. మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి, పరిమాణాన్ని ఆరొందల్లో ఒక వంతుకు కుదించి, సముద్రాలు దాటించి తెచ్చిన సరుకు ఒడ్డుకొచ్చాక వెళ్లే దారి లేక ఆగిపోయింది. కాకినాడలోనో మరోచోటో టెర్మినల్ ఇవ్వాలనుకుంటే శ్రీకాకుళం దాకా పైపులైను, కొనుగోలుదార్ల సంతకాలు ముందు చూపించండి.

ఒప్పందాల మాట. 2024 ఫిబ్రవరిలో ఖతార్‌తో ఏటా 75 లక్షల టన్నుల సరఫరాను 2028 నుంచి 2048 దాకా పొడిగించారు. స్పాట్ ఓడల వెంట పరుగెత్తడం కన్నా ఇది మేలైన పని, అభినందించాలి. కానీ ఖతార్ గ్యాసంతా హార్ముజ్ జలసంధి దాటే రావాలి. మన దిగుమతుల్లో అతి పెద్ద వాటా ఆ ఒక్క ఇరుకు దారి మీదే ఆధారపడి ఉంది. ముడిచమురుకు ముడిపెట్టిన ధర సూత్రాన్ని పార్లమెంటు ముందు పెట్టండి. ఇరవై ఏళ్ల బిల్లు కట్టే జనానికి అది తెలియాలి. సహజవాయువును జీఎస్టీలోకి తేవడానికి రాష్ట్రాలను ఒప్పించండి. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో వ్యాట్ ఉన్నంతకాలం ఒకే దేశం ఒకే గ్యాసు గ్రిడ్ కాగితం మీదే ఉంటుంది.

ఇంకొకటి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో, తాటిపాక నుంచి కొండపల్లి వెళ్లే గ్యాసు పైపు పగిలి అంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే కాలిపోయారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లూ కొబ్బరి చెట్లూ నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన పైపులో నీరు, కండెన్సేట్ (గ్యాసుతో పాటు వచ్చే ద్రవ ఇంధనం) కలిసిన తడి గ్యాసు పంపారు, లోపలి నుంచి తుప్పు తినేసింది. ఆ పైపు వెళ్లింది కూడా ఒక విద్యుత్ కేంద్రం కోసమే. కోనసీమ జనం దేశానికి గ్యాసిచ్చారు, భూములిచ్చారు, చివరికి ప్రాణాలూ పోగొట్టుకున్నారు. గ్యాసు వాటా రెట్టింపు చేస్తామంటే ఊళ్ల మధ్యనుంచి వెళ్లే పైపులూ రెట్టింపవుతాయి. ప్రతి పైపు లోపలి తనిఖీ ఎప్పుడు జరిగిందో, మందం ఎంత మిగిలిందో ఆ దారిలో ఉన్న ప్రతి పంచాయతీ నోటీసు బోర్డు మీద తెలుగులో అతికించమని ఆదేశించండి. దీనికి టెండరు అక్కర్లేదు, ఖతార్ ఒప్పుకోనక్కర్లేదు. మీ సంతకం చాలు.

ఇట్లు,
గోదావరి జిల్లాలో గ్యాసు విద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరైన ఇంజనీరు